ఖాజా ముందు, నేను వెనక

ఈ మధ్య మా ఇంటికి కుర్రాళ్ళు వస్తున్నారు. దుండిగల్ వైపు కాలేజీల్లో ఇంజినీరింగ్ చదివి, కంప్యూటర్ ముందు కూర్చోబుద్ధి కాక, సముద్రంలో కయాక్ గైడ్లు అవుతామనేవాళ్ళు. షామీర్‌పేటలో మా గల్లీలో బైకు ఆపి, ఫోనులో నీలం నీళ్ళ ఫోటోలు చూపించి, ఈ పనిలో మజా ఉంటుందా అని అడుగుతారు. ఉంటుంది. కాకపోతే అది ఎక్కువగా డబ్బు కట్టి వచ్చినవాళ్ళకు ఉంటుంది.

జీతం, సెలవులు, సర్టిఫికెట్ల సంగతి ఆఫీసువాళ్ళే చెబుతారు. వాళ్ళు చెప్పనిది నేను రాస్తాను. ఈ పనిలో అన్నింటికన్నా ముందు భుజాలు పోతాయంటారు. నాకు భుజం కన్నా ముందు కడుపు మండింది. నేను అసూయపరుణ్ణి. పనిలో ఉన్నన్నాళ్ళూ అసూయపడ్డాను, మానేశాక కూడా పడుతున్నాను. నా అనుభవాలు రాయమంటే ఇదే వస్తుంది.

పని అంటే ఏమిటి

మా మేడమ్ ఆఫీసు కొంపల్లిలో ఉండేది. చలికాలం మొదలైనప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా జట్లు జట్లుగా మనుషులను అండమాన్ తీసుకెళ్ళేవాళ్ళం. అక్కడ చిన్న చిన్న దీవులు, వాటి చుట్టూ పగడపు దిబ్బలు. ఒక దీవి నుంచి ఇంకో దీవికి కయాక్‌లో వెళ్ళడం, ఇసుకలో గుడారాలు వేసుకోవడం, వండుకోవడం, మళ్ళీ బయలుదేరడం. కయాక్ అంటే సన్నగా పొడుగ్గా ఉండే పడవ. ఇద్దరు ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు. విమానం ఎక్కే ముందు ఆదివారాలు షామీర్‌పేట చెరువులో వాళ్ళ చేత సాధన చేయించేవాళ్ళం. ఆ చెరువులోనే మా నాయిన లారీ ట్యూబు మీద కూర్చుని వల వేసేవాడు. నేను నడక, ఈత ఒకేసారి నేర్చుకున్నానని మా అవ్వ అనేది.

గైడు అంటే తెడ్డు బాగా వేసేవాడని మీరనుకుంటున్నారు. తెడ్డు అందులో చిన్న ముక్క. పొద్దున్నే నీళ్ళ డబ్బాలు నింపాలి. ఉప్మా చేయాలి. ఉప్మా వద్దనేవాళ్ళకు ఇంకోటి చేయాలి. కళ్ళద్దాలకు తాడు కట్టుకోమని చెప్పాలి, చెప్పినా కట్టుకోనివాళ్ళ కళ్ళద్దాల కోసం నీళ్ళలో మునగాలి. పగడాల మీద నిలబడి ఫోటో దిగుతామంటే, అది బండ కాదు, ప్రాణమున్నది అని మర్యాదగా దించాలి. అన్నింటికన్నా ముఖ్యం, సముద్రం మన చెరువులా ఉన్నచోట ఉండదు. పొద్దున పడవలు తేలిన చోట మధ్యాహ్నానికి పగడాలు బయటపడతాయి. రెండు దీవుల మధ్య పాయలో నీళ్ళు ఒకపూట అటు పారితే ఒకపూట ఇటు పారతాయి. ఆ సంగతి గెస్టుకు తెలియక్కర్లేదు. గైడుకు నిద్రలో కూడా తెలిసి ఉండాలి.

జట్టుకు ఇద్దరు గైడ్లు. ఒకరు ముందు, ఒకరు వెనక. ముందున్నవాడు దారి చూపిస్తాడు, అందరి ఫోటోల్లో పడతాడు. వెనక ఉన్నవాడు తోక. అలిసిపోయినవాళ్ళు, అలిగినవాళ్ళు, వాంతులు చేసుకునేవాళ్ళు అతని వంతు. వాళ్ళందరి వీపులూ అతనికి తెలుసు. అతని ముఖం మాత్రం ఇంటికి వెళ్ళాక ఒక్కరికీ గుర్తుండదు. నేను చాలా ఏళ్ళు ముందే ఉన్నాను. తర్వాత వెనక్కి వెళ్ళాను. వెళ్ళానంటే నా అంతట నేను వెళ్ళలేదు, పంపించారు.

మా మేడమ్

మేడమ్ మంచి మనిషి. జీతం ఆపలేదు, గొంతు పెంచలేదు. కానీ ఆమెకు నీళ్ళు తెలియవు, ఫోటోలు తెలుసు. భార్యాభర్తలను ఒకే పడవలో కూర్చోబెట్టమనేది. చూడ్డానికి బాగుంటుందట. వెనక కూర్చున్న భర్త, ముందు కూర్చున్న భార్య తెడ్డు తప్పుగా వేస్తోందంటాడు. నువ్వే నా మీద నీళ్ళు చల్లుతున్నావని ఆమె అంటుంది. సగం దూరం వెళ్ళేసరికి పెళ్ళిలో పెట్టిన కూరల దాకా మాట వెళుతుంది. అన్నేళ్ళలో నేను మేడమ్ చేత ఒప్పించలేకపోయిన విషయం ఇదొక్కటే. మీరు ఈ పనిలోకి వస్తే మొగుడూ పెళ్ళాలను విడదీసి కూర్చోబెట్టండి. సాయంత్రానికి వాళ్ళే మీకు దండం పెడతారు.

నన్ను వెనక్కి పంపేటప్పుడు మేడమ్ ఆఫీసుకు పిలిచి చాయ్ ఇచ్చింది. "యాదగిరి గారూ, మీరు వెనక ఉన్నారంటే నేను ఇక్కడ నిశ్చింతగా ఉంటాను" అంది. అది మెచ్చుకోలే. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. ఆరోజు నాకు వినిపించింది మాత్రం వెనక అనే ఒక్క మాటే. చాయ్ సగం వదిలేసి వచ్చాను.

ఖాజా

నా స్థానంలోకి వచ్చినవాడు ఖాజా. మేడ్చల్ పక్క ఊళ్ళో వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఇంట్లో ఉర్దూ, పొలంలో తెలుగు. నాకన్నా పదేళ్ళు చిన్న. పనిలో చేరేనాటికి అతనికి ఈత రాదు. బావి గట్టు మీద కూర్చుని స్నానం చేసినవాడు. నేనేమో నీళ్ళలో పుట్టి పెరిగినవాణ్ణి. అటువంటివాడు రెండు వానాకాలాలు తిరిగేసరికి నన్ను దాటిపోతే కడుపు మండదా?

ఎలా దాటాడో చెబుతాను. నేను గెస్టులకు భుజం ఇలా తిప్పు, నడుము అలా వంచు అని నేర్పేవాణ్ణి. వాళ్ళు బుర్ర ఊపేవాళ్ళు, తర్వాత మళ్ళీ పప్పు కలిపినట్టు నీళ్ళు కలిపేవాళ్ళు. ఖాజా అలా కాదు. "అమ్మా, తెడ్డు సూడకు. దూరంగ గెట్టు సూడు. ఎడ్ల కాళ్ళు సూసుకుంట దున్నితే సాలు వంకరొస్తది" అనేవాడు. నాగలి పట్టని కొంపల్లి విల్లాల మనుషులు ఆ మాటకు నవ్వి, తల ఎత్తి, చక్కగా తెడ్డు వేసేవాళ్ళు. వరస తప్పితే ఖాజా ముందు నుంచి "సాలు, సాలు" అని కేక పెట్టేవాడు. గెట్టు అంటే పొలం గట్టు, సాలు అంటే నాగలి గీసిన గీత. ఒకరి వెనక ఒకరు ఆ గీతలో రండి అని. పడవలన్నీ వరసలోకి వచ్చేవి. వెనక నుంచి చూస్తే నిజంగా దున్నిన పొలంలా ఉండేది. అందుకే నాకు ఇంకా మండేది.

పైగా వంట. నేను చేపల పులుసు పెడితే బాగుందనేవాళ్ళు. అతను ఖిచిడీ చేసి, నువ్వులు, చింతపండుతో ఖట్టా చేస్తే ఎలా చేయాలో ఫోనులో రాసుకునేవాళ్ళు. బాగుందనడానికి, రాసుకోవడానికి ఎంతో తేడా ఉంది.

ఇంటికి వచ్చాక కూడా నేను అతని గురించే మాట్లాడేవాణ్ణి. ఖాజా ఇలా కూర్చున్నాడు, అలా నవ్వాడు, ఫలానా గెస్టు అతనికి టోపీ ఇచ్చి వెళ్ళింది అని. మా ఆవిడ బాలమణి కంచంలో అన్నం పెడుతూ, "ఆయన పేరు తియ్యకుండ నీకు ముద్ద దిగదా?" అనేది. దిగేది కాదు.

ఇంతా చేసి అతను నాకు ఏ కీడూ చేయలేదు. అన్నా అన్నా అని వెంట తిరిగేవాడు. చెడ్డవాడైనా బాగుండేది, నాకు కాస్త సుఖంగా ఉండేది.

మా అమ్మాయి అన్న మాట

మా అమ్మాయి లావణ్య అల్వాల్‌లో ఒక బడిలో ఆటల టీచరుగా చేసేది. ఒకరోజు ఆ పని మానేసి గైడు అవుతానంది. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. ఖాజాకు ఎంత పేరుంటే ఏమిటి, నా కూతురికి నేర్పింది నేనని రేపు అందరూ అంటారు కదా. చెరువు దగ్గరకు తీసుకెళ్ళడానికి ఆదివారం పొద్దున్నే తయారై కూర్చున్నాను.

అప్పుడు చెప్పింది, ఖాజా కాకా దగ్గర నేర్చుకుంటానని.

ఎందుకని అడిగాను. ఆమె తల వంచుకోలేదు. "నువ్వు నేర్పుతుంటే నన్నే సూస్తవ్ నాయినా, నీళ్ళను సూడవ్. నేనేడ పడిపోతనో అని నీకు బుగులు. నీ బుగులు నాకు అంటుకుంటాంది" అంది.

అది అబద్ధమైతే తిట్టేవాణ్ణి. నిజం కాబట్టి తెడ్డు తెచ్చి ఆమె చేతికిచ్చాను. ఆ ఏడాదంతా వాళ్ళిద్దరూ చెరువులో తిరుగుతుంటే నేను ఒడ్డున కూర్చుని లైఫ్ జాకెట్లు ఆరబెట్టాను. ఆమె నవ్వు నీళ్ళ మీదుగా వినిపించేది. నేను నేర్పితే అలా నవ్వేది కాదని నాకు తెలుసు. తెలిసీ ఓర్వలేకపోయాను. నా చోటు అతను తీసుకున్నప్పుడు కోపం వచ్చింది. నా కూతురు అతని శిష్యురాలు అయినప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. ఈ రెండింటికీ ఉన్న తేడా మీకు పిల్లలు పుట్టాక తెలుస్తుంది.

సాలు

కొత్తవాళ్ళు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి.

లావణ్య మొదటిసారి దీవులకు వచ్చిన జట్టులో అందరూ కొంపల్లివాళ్ళే. ముందు ఖాజా, మధ్యలో ఒక్కరే కూర్చునే కయాక్‌లో లావణ్య, వెనక నేను. గెస్టుల్లో సునీత గారని ఒకామె. మేడమ్ పట్టుదల వల్ల భర్తతో కలిసి ఒకే పడవలో ఉంది. చెరువులో సాధన బాగా చేశారు. ఖాజా సాలు అని కేకేస్తే అందరూ సర్దుకుని వరసలోకి వచ్చేవాళ్ళు.

రెండు దీవుల మధ్య ఒక పాయ దాటాలి. మధ్యలో లోతైన దారి, అటూ ఇటూ పగడాలు. ఒక పక్క పగడాల మీద అలలు విరిగి తెల్లగా నురగ లేస్తోంది. నీళ్ళు ఆ పక్కకే లాగుతున్నాయి. ఆగకుండా తెడ్డు వేస్తూ వరసలో వెళితే ఏ ప్రమాదమూ లేదు. ఆగితే పడవ పక్కకు పోయి పగడాల మీద పడుతుంది.

పాయ నడుమకు వచ్చేసరికి రెండు పడవలు వరస తప్పాయి. ఖాజా వెనక్కి తిరిగి చూసి, "సాలు, సాలు" అని కేకేశాడు.

ఆ రెండు పడవల్లోని వాళ్ళు తెడ్లు ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నారు.

మనవైపు చాలు అనడాన్ని కూడా సాలు అనే అంటారు. కొంపల్లివాళ్ళకు ఆ సాలు తెలుసు. ఇక చాలు, ఆపండి అని అర్థం చేసుకున్నారు. నాగలి సాలు వాళ్ళలో ఎవరూ చూసినవాళ్ళు కారు. ఖాజా గెట్టు కథ చెప్పినప్పుడు నవ్వారు కానీ, ఆ మాట ఏమిటని ఎవరూ అడగలేదు. చెరువులో కూడా వాళ్ళు ఆ మాటకు మొదట ఆగేవాళ్ళు, ఆగాక వెనకా ముందూ చూసుకుని వరసలోకి వచ్చేవాళ్ళు. నిలవనీళ్ళలో ఆగినా పడవ ఎక్కడికీ పోదు. అందుకే వాళ్ళ పొరపాటు మాకు కనబడలేదు, మా పొరపాటు వాళ్ళకు కనబడలేదు.

పడవలు కొట్టుకుపోతున్నాయని చూసి ఖాజా ఇంకా గట్టిగా అదే మాట అరిచాడు. అతను ఎంత గట్టిగా అరిస్తే వాళ్ళు అంత బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. నాకు విషయం అర్థమైంది. తెడ్డెయ్యండి అని అరిచాను. ఎదురుగాలి, నా గొంతు నా వెనక్కే పోయింది.

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. చేతులు తెడ్డు వేస్తూనే ఉన్నాయి, తాడు తీస్తూనే ఉన్నాను. కానీ లోపల ఒక మూల, దొరికావురా ఖాజా అని ఒక ముసలి గొంతు కులికింది. దగ్గరున్న పడవకు తాడు తగిలించి లాగడం మొదలుపెట్టాను. నా కుడి భుజం ఏదో తెగినట్టు కలుక్కుమంది. సునీత గారి పడవ దూరంగా ఉంది, అడ్డం తిరిగి నురగ వైపు పోతోంది. భర్త లేచి నిలబడబోతున్నాడు. ఆమె ముఖం తెల్లగా పాలిపోయింది.

లావణ్య అరవలేదు. తన కయాక్‌ను నురగకూ వాళ్ళ పడవకూ మధ్యకు తీసుకెళ్ళి, ఒక చేత్తో వాళ్ళ పడవ అంచు పట్టుకుంది. ఏదో చెప్పింది. నాకు వినపడలేదు, తర్వాత సునీత గారే చెప్పింది. "అక్కా, నా జడ సూడు. ఇంకేం సూడకు. నా జడెన్కనే రా" అందట.

సునీత గారు తెడ్డు తీసింది. ఆమెను చూసి భర్త కూడా కూర్చుని తెడ్డు వేశాడు. పడవ అడుగు ఒకసారి పగడాలకు గీసుకున్న చప్పుడు నాదాకా వినిపించింది. ఆయన మోచేయి చీరుకుపోయింది. అంతకుమించి ఏమీ కాలేదు, అందరూ దీవి చేరారు.

ఒడ్డు మీద

ఖాజా ఇసుకలో తల పట్టుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళుగా నేను కోరుకున్న దృశ్యం అది. ముందు నడిచే గైడు, అందరి ఫోటోల్లోని మనిషి, ఎవరి ముఖమూ చూడలేక కూర్చున్నాడు. నేను నా భుజం పట్టుకుని, పడవలు పైకి లాగి, మా అమ్మాయి నా దగ్గరకు వస్తుందని చూస్తున్నాను. నా పక్కన ఇసుక మీద సామాను తీసి చోటు కూడా చేశాను.

లావణ్య సునీత గారికి నీళ్ళిచ్చింది, ఆయన మోచేతికి కట్టు కట్టింది, తిన్నగా ఖాజా దగ్గరకు వెళ్ళి పక్కన కూర్చుంది.

"నా నోరే ముంచింది బిడ్డా" అన్నాడు ఖాజా.

"మాట మంచిదే కాకా. పొలం ఎర్కలేనోళ్ళకు తెల్వలే, గంతే" అంది లావణ్య.

గెలిచినవాడి మీద అసూయ అందరికీ ఉంటుంది. ఓడి కూర్చున్నవాడి మీద కూడా పడవచ్చని నాకు ఆరోజు తెలిసింది. నాది తెగిన భుజం, అతనిది పోయిన పరువు. ఆమె పరువు వైపు వెళ్ళింది. రాత్రి భోజనాల దగ్గర నా భుజం చూసి ఆమే నూనె రాసింది. కానీ నా వంతు రెండోది కదా.

మీరు నేర్చుకోవలసింది ఒకటే. గెస్టు తల ఊపితే నమ్మకండి. మీరు వాడే ప్రతి మాటా వాళ్ళ నోటితో తిరిగి చెప్పించండి, చెప్పించి చేయించండి. మన మాట మనకు అమ్మ పాలతో వచ్చింది కాబట్టి ఎదుటివాడికి కూడా వచ్చే ఉంటుందనుకోవడం పెద్ద పొరపాటు. అది ఖాజా ఒక్కడి పొరపాటే అని నేను కొన్నాళ్ళు అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. కానీ ఆ కేక నేనూ ఏళ్ళ తరబడి వెనక నుంచి వింటూనే ఉన్నాను.

హైదరాబాద్ వచ్చాక జరిగిందంతా ఖాజాయే మేడమ్‌కు చెప్పాడు. నా చోటు నాకు తిరిగి వస్తుందని రెండు రోజులు ఇస్త్రీ చొక్కా వేసుకుని తిరిగాను. మేడమ్ లావణ్యను ముందు పెట్టింది. ఇప్పుడు మా వాళ్ళు వరసలోకి రమ్మనడానికి "జడ" అని కేకేస్తారు. గైడ్లందరూ అదే అంటారు. ఖాజా నెత్తి మీద వెంట్రుక లేదు, అయినా జడ జడ అని అరుస్తాడు, గెస్టులు విరగబడి నవ్వుతారు.

ఒకరోజు మేడ్చల్‌లో చాయ్ హోటల్ దగ్గర కలిశాం. ఖాజా సాసర్‌లో చాయ్ పోసుకుంటూ, "అన్నా, నీకో మాట చెప్పాలె. మందంత నీ బిడ్డనే అడుగుతున్నరు. నాకు జర మండుతాంది" అన్నాడు. నాకు అంత తేలికగా ఏనాడూ అనిపించలేదు. సమోసాలు తెప్పించాను. ఆ సాయంత్రం ఇద్దరం లావణ్యకు తెలియనివి, మాకు మాత్రమే తెలిసినవి ఏమున్నాయో గుర్తు చేసుకుంటూ కూర్చున్నాం. పెద్దగా ఏమీ తేలలేదు.

గెస్టుగా

భుజం బాగుపడలేదు, పని మానేశాను. పోయిన చలికాలంలో లావణ్య నన్ను గెస్టుగా రమ్మంది. వెళ్ళాను. పెద్ద కయాక్‌లో ముందు సీటు ఇచ్చింది. దారి తిప్పేది వెనక సీటువాళ్ళు కాబట్టి ముందు కూర్చున్నవాడికి పెత్తనం ఉండదు. వెనక సీటులో దుండిగల్ కాలేజీ లెక్చరరు ఒకావిడ. సముద్రం చూడడమే ఆమెకు మొదటిసారి. లోపల వణుకుతున్నా పైకి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది.

పాయ దగ్గరకు వచ్చాం. నీళ్ళు లాగుతున్నాయి. లావణ్య ముందు నుంచి తిరిగి ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ వచ్చింది. భయం లేని ముఖాలను దాటేసింది. భయపడ్డ ముఖాల దగ్గర ఆగింది, ఆగి తల ఊపింది. నా ముఖం మీదుగా అలాగే జారిపోయి నా వెనక లెక్చరరు మీద ఆగింది. అక్కడే చాలాసేపు ఉంది.

చూడవలసిన పద్ధతి అదే. గైడు చూపు అవసరం లేనివాడి మీద ఆగకూడదు. మీరూ అలాగే చూడండి. కానీ ఆ లెక్చరరు మీద నాకు వచ్చిన అసూయ ముందు ఖాజా మీద పడిందంతా ఏ మూలకూ రాదు. నేను కన్న పిల్ల, ముక్కూ మొహం తెలియని ఆవిడను చూసినట్టు నన్ను ఒక్కసారి చూడదా అనిపించింది. కళ్ళు పెద్దవి చేశాను. పెదవి వణికించాను. ఒక చేత్తో పడవ అంచు పట్టుకున్నాను.

మా అమ్మాయి చూపు వెనక్కి వచ్చింది. నా మీద ఆగింది. నన్ను పై నుంచి కింద దాకా చూసింది.

"నాయినా, తెడ్డెయ్యి" అంది.

వేశాను.